భరణం కేసు: విడాకుల దాకా ఆగాలా? ఆర్డర్ వచ్చినా డబ్బు రాకపోతే ఎలా?

భర్తకు నాచారంలో ఉద్యోగం, కాపురం ఉప్పల్‌లో. గొడవలు ముదిరి భార్య బిడ్డను తీసుకుని ఘట్‌కేసర్‌లోని పుట్టింటికి వచ్చేసింది అనుకుందాం. ‘ముందు విడాకులు తేలనీ, భరణం సంగతి తర్వాత చూద్దాం’ అంటారు ఇంట్లో పెద్దలు. ఆ సలహా వింటే నష్టపోయేది ఆమే. విడాకుల కేసు ఏళ్ల తరబడి నడవొచ్చు. స్కూల్ ఫీజు, ఇంటి ఖర్చు అప్పటిదాకా ఆగవు. ఆగమని చట్టం కూడా చెప్పడం లేదు.

కోర్టు కాగితాల్లో ‘మనోవర్తి’ అని కనిపించేది కూడా భరణమే. దీన్ని అడగడానికి విడాకుల కేసు వేసి ఉండాల్సిన అవసరం లేదు. పాత సీఆర్‌పీసీలో 125గా అందరికీ తెలిసిన సెక్షన్, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది. తనను తాను పోషించుకోలేని భార్య, విడాకులయ్యాక మళ్లీ పెళ్లి చేసుకోని మహిళ, మైనర్ పిల్లలు, వృద్ధ తల్లిదండ్రులు దీని కింద పిటిషన్ వేయొచ్చు. మతంతో పని లేదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనే 2024 జులై 10న జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం, విడాకులు పొందిన ముస్లిం మహిళకూ ఈ హక్కు ఉందని తేల్చిచెప్పింది.

ఏ కోర్టుకు వెళ్లాలి?

భర్త ఉన్నచోటికే వెళ్లి తిరగాల్సిన పని లేదు. భార్య ప్రస్తుతం ఉంటున్న చోటు పరిధిలోని కోర్టులోనూ వేయొచ్చు. ఇక్కడి వారు ఒకటి గమనించాలి. ఘట్‌కేసర్, ఉప్పల్ 2016 అక్టోబర్‌లో రంగారెడ్డి నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి మారాయి. బంధువుల పాత కేసు ఎక్కడ నడిచిందో చూసి అక్కడికే పరుగెత్తకండి. లాయర్‌ను పెట్టుకునే స్థోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది.

ఎంత వస్తుంది?

‘జీతంలో 25 శాతం’ అన్న మాట వాట్సాప్‌లో బాగా తిరుగుతుంటుంది. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ లెక్క సబబేనంది తప్ప, అందరికీ అదే వర్తిస్తుందని కాదు. స్థిరమైన ఫార్ములా లేదని 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో అదే కోర్టు చెప్పింది. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలంది. కాబట్టి పే స్లిప్‌లు, ఫారం-16, బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్కూల్ ఫీజు రసీదులు దొరికినంత వరకు ముందే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది. భార్యకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన భరణం రాదని కాదు. అయితే ఆ జీతాన్ని దాచిపెడితే మాత్రం కేసు బలహీనపడుతుంది.

ఆ తీర్పులోనే ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. భరణం లెక్క ఆర్డర్ వచ్చిన రోజు నుంచి కాదు, పిటిషన్ వేసిన రోజు నుంచి మొదలవుతుంది. అంటే పెద్దల మాట విని ఏడాది ఆగితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. కేసు తేలేలోపు మధ్యంతర భరణం కూడా అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, దానిపై నిర్ణయం తీసుకోవాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకంటే ఆలస్యమవుతుందన్నది కోర్టు మెట్లెక్కిన ఎవరినడిగినా చెబుతారు.

ఆర్డర్ వచ్చినా ఇవ్వకపోతే?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. చేతికి ఆర్డర్ వస్తుంది, రెండు నెలలు డబ్బు వస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. ‘ఇస్తాడులే’ అని ఊరుకుంటారు. ఈ సెక్షన్ కింద బకాయి వసూలుకు వారెంట్ కావాలంటే ఆ మొత్తం ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. ఆ గడువు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. గడువులోగా వేస్తే, బకాయిపడ్డ ఒక్కో నెలకు నెల రోజుల వరకు జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. జైలుకెళ్లొస్తే బాకీ తీరిపోయిందనుకునే భర్తలూ ఉన్నారు. తీరదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఉద్యోగి అయితే జీతం అటాచ్ చేయమని అడగొచ్చు. మామూలు అప్పుల్లో కంటే భరణం విషయంలో జీతంలో ఎక్కువ భాగం అటాచ్ చేసే వీలుంది.

స్టాంప్ పేపర్ మీద విడిపోతే?

పెద్దమనుషుల్లో కూర్చుని రాసుకున్న కాగితం కోర్టు విడాకులతో సమానం కాదు. పైగా ‘ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం’ అన్న వాక్యం అందులో ఉంటే, రేపు భరణం ఇవ్వక్కర్లేదని వాదించడానికి భర్తకు అదే ఆధారమవుతుంది. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే భార్యకు భరణం రాదని సెక్షన్ 144లోనే ఉంది. చదవకుండా సంతకం పెట్టొద్దు. పిల్లల భరణం మాత్రం వేరే హక్కు. తల్లి తన వాటా వదులుకున్నంత మాత్రాన అది పోదు.

కస్టడీ దగ్గర కోర్టు చూసేది బిడ్డ క్షేమాన్నే. హిందూ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉంటారు. తండ్రి డబ్బు ఇవ్వలేదని పిల్లల్ని చూపించకపోవడం, చూపించలేదని తండ్రి డబ్బు ఆపేయడం రెండూ తప్పే. ఒకదానికొకటి ముడిపెట్టడానికి కోర్టు ఒప్పుకోదు.

ఇచ్చేవారైనా, తీసుకునేవారైనా లావాదేవీ బ్యాంకు ఖాతా ద్వారానే జరగనివ్వండి. చేతికి నగదు ఇచ్చి, ఆ తర్వాత ఇచ్చినట్టు నిరూపించుకోలేక ఇబ్బందిపడే భర్తలకూ ఇది అవసరమే.