ఎడారి పెరటిలో కోడి

కోడి కూత వినబడని పల్లె మన తెలుగునాట అరుదు. పెంటకుప్ప మీద గింజలేరుకొనుచు, రాత్రివేళ గంప క్రింద తలదాచుకొను ఈ పక్షి ఎక్కడనైనను బ్రతుకగలదని మనమనుకొందుము. కాని కోడి పుట్టినిల్లు ఎండలు మండు బయలు కాదు. నీడయు, తేమయు, వెదురుపొదలును గల అడవి. అట్టి పక్షి, వాన చినుకు పడుటయే వింతయైన ఈజిప్టు దేశమున సుమారు 2,300 ఏండ్లుగా పెరటి పక్షియై నిలిచియున్నది. దానిని నిలిపినవారు రాజులు కారు. ఇల్లాండ్రు, రైతులు, పిడకల పొగలో పనిచేయు పొయ్యివాండ్రు. ఆ పెంపకమే 2006లో వారికి ప్రాణాపాయముగా మారినది. ఆ కథను ఇచ్చట కొంత చెప్పుకొందము.

కోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. 2020లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారము, నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, మయన్మారు ప్రాంతములందలి అడవికోడి జాతియే మన ఇంటికోడికి ముఖ్యమైన పూర్వజాతి. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అను చోట దొరకిన ఎముకలు క్రీస్తుపూర్వము 1650-1250 నాటివనియు, నిశ్చయముగా ఇంటికోడివని చెప్పదగిన వానిలో అవియే మిక్కిలి ప్రాచీనములనియు 2022లో పండితులు ప్రకటించిరి. వరి, చిరుధాన్యములు పండించు పొలముల చెంతకు గింజలకై దిగివచ్చిన అడవికోడి, క్రమముగా మనుష్యుని ముంగిటికి చేరినదని వారి ఊహ. అనగా, కోడిని మనము వలవేసి తెచ్చుకొనుటకు ముందు, మన ధాన్యమే దానిని పిలిచినదన్నమాట.

ఈజిప్టునకు కోడి మొదట వింత వస్తువుగా వచ్చినది. క్రీస్తుపూర్వము 15వ శతాబ్దమున పాలించిన మూడవ థట్మోసు చక్రవర్తి, తాను సిరియా దేశమునుండి పొందిన కానుకల పట్టికను కర్ణాకు దేవాలయపు గోడలపై చెక్కించెను. అందు దినదినము గ్రుడ్డు పెట్టు పక్షులు కొన్ని పేర్కొనబడినవనియు, అవి కోళ్లే కావచ్చుననియు కొందరు పండితులు చెప్పుదురు. శాసనము అచ్చట శిథిలమైయుండుటచే ఇది చర్చనీయాంశమే. రాజుల లోయలో హోవర్డు కార్టరుకు దొరకిన సున్నపురాతి పలుక కథ వేరు. దానిపై ఎవరో చిత్రకారుడు నల్లని గీతలతో తురాయి గల కోడిపుంజును స్పష్టముగా వ్రాసియున్నాడు. కార్టరు దానిని గూర్చి 1923లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ పలుక నేడు బ్రిటిషు మ్యూజియమున ఉన్నది.

కాని ఇంటింట కోళ్లు తిరుగుట అలెగ్జాండరు దండయాత్ర తరువాత, టాలమీ రాజుల కాలమునుండియే కనబడును. ఈజిప్టునకు పొరుగుననున్న పాలస్తీనా ప్రాంతమున మరేషా అను ప్రాచీన నగరము కలదు. అచ్చట క్రీస్తుపూర్వము 4వ శతాబ్దము మొదలు 2వ శతాబ్దము వరకు గల పొరలలో వేయికి పైగా కోడి ఎముకలు దొరకినవి. వానిలో పుంజులకంటె పెట్టలు రెండింతలున్నవి. ఎముకలపై కత్తిగాట్లును కలవు. 2015లో వెలువడిన ఈ పరిశోధన ఒక విషయమును తేల్చినది: పందెములకును పూజలకును పరిమితమైయున్న పక్షి, ఆ పొడినేలలందు వంటయింటి పక్షిగా మారినది. ఐరోపాలో కోడిమాంసము సామాన్యాహారమగుటకు ఒక శతాబ్దము ముందే ఈ మార్పు వచ్చినదని ఆ పండితులు తలచుచున్నారు.

అయితే ఎండ విషయమేమి? కోడి శరీరమున చెమట గ్రంథులు లేవు. దాని సహజమైన వేడిమి సుమారు 41 డిగ్రీల సెంటిగ్రేడు. గాలి అంతకు సమీపముగా వేడెక్కినపుడు అది రెక్కలు విడదీసి, నోరు తెరచి రొప్పును. తురాయి, గడ్డము క్రింద వ్రేలాడు ఎర్రని తోలు కొంత వేడిని వెలికి పంపును. అంతకుమించి దానికి ఉపాయము లేదు. రొప్పుటవలన రక్తములోని బొగ్గుపులుసు గాలి అధికముగా వెలికిపోవును. గ్రుడ్డు పెంకునకు కావలసిన ద్రవ్యము తగ్గును. అందుచేతనే ఎండకాలపు గ్రుడ్లు పలుచని పెంకుతో ఉండును. మేత తినుట తగ్గును. నీరు అందనిచో కోడి ఆ పూటనే కూలిపోవచ్చును.

ఇక రెండవ చిక్కు పొదుగుట. పెట్ట పొదుగ కూర్చున్నచో 21 దినములు గ్రుడ్లు పెట్టదు. పిల్లలను వెంట త్రిప్పుకొను మరికొన్ని వారములును పెట్టదు. ఆ పనిని పెట్టనుండి తప్పించి నిప్పునకు అప్పగించుటయే ఈజిప్టు రైతుల గొప్ప ఆలోచన. ఆ దేశమున గ్రుడ్లు పేడకుప్పలలో పాతబడి, భూమిలోనే పిల్లలగునని క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున అరిస్టాటిలు వ్రాసెను. మూడు శతాబ్దముల పిదప డయొడోరసు, ఈజిప్టువారు పక్షుల అవసరము లేకయే తమ చేతి నేర్పుతో గ్రుడ్లు పొదిగింతురని మెచ్చుకొనెను.

ఆ పొయ్యిల నిర్మాణము చూడదగినది. పచ్చి ఇటుకలతో కట్టిన మందమైన గోడల ఇల్లు. నడుమ పొడవైన నడవ. దానికి ఇరువైపుల రెండేసి అంతస్తుల గదులు. క్రింది గదిలో వేలకొలది గ్రుడ్లు పరతురు. పై గదిలో పిడకలు, గడ్డి మెల్లగా కాల్తురు. వేడి పైనుండి దిగి గ్రుడ్లను కాచును. పనివాడు దినమునకు పలుమార్లు లోనికి ప్రాకి గ్రుడ్లను త్రిప్పవలెను. కొన్ని దినముల తరువాత గ్రుడ్డులోని పిల్లకే వేడి పుట్టుటచేత నిప్పు తగ్గింతురు. ఉష్ణమాపకము లేదు, పనివాడు గ్రుడ్డును తన కనురెప్పకు ఆనించి, వేడి ఎక్కువో తక్కువో చెప్పును. తన కోడి, కుంపటి లేనిదే ఊరికి తెల్లవారదనుకొన్న ముసలమ్మను చూచి మనము నవ్వుదుము. అచ్చట మాత్రము కోడికిని కుంపటికిని నిజముగనే పొత్తు కుదిరినది.

ఈ విద్యలో నైలునది డెల్టాలోని బెర్మా గ్రామస్థులు పేరుపొందిరి. తండ్రి కొడుకునకు చెప్పుటయే గాని పరులకు చెప్పరని యాత్రికులు వ్రాసిరి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమూరు 1749లో ప్రకటించిన గ్రంథమున ఈ పొయ్యిలను సవిస్తరముగా వర్ణించెను. అప్పగించిన గ్రుడ్లలో మూడింట రెండు వంతులకు మాత్రమే పిల్లలను తిరిగి ఇచ్చుటకు పొయ్యివాడు పూచీపడునని ఆయన తెలిపెను. రెయోమూరు చేత తాను రూపొందించిన ఉష్ణమాపకము ఉండెను. బెర్మావాని చేత కనురెప్ప మాత్రమే ఉండెను. అయినను పూచీ ఇయ్యగలవాడు బెర్మావాడే.

నేర్పు మనుష్యునిదైనట్లే, ఓర్పు కోడిదిగా ఉండవలెను. కైరో నగరమునకు నైరుతి దిక్కున, ఎడారి నడుమ కాలువనీటితో పచ్చగానుండు ఫయ్యూము అను పల్లపు ప్రాంతము కలదు. అచ్చటి ఫయ్యూమీ కోడి చిన్నది. మెడ వెండివలె తెలుపు, ఒడలు నలుపు తెలుపు చారలు. గ్రుడ్డు చిన్నదే, కాని పెట్ట త్వరగా కూతకు వచ్చును, ఎండకును రోగములకును ఓర్చుకొనును. 1940 దశాబ్దమున అమెరికాలోని అయోవాకు దీనిని తీసికొనిపోయి, రోగనిరోధ శక్తిని గూర్చి పరిశోధనలు జరిపిరి. బంగ్లాదేశమున నేడు విరివిగా పెంచు సోనాలి కోడికి తల్లి ఈ ఫయ్యూమీ పెట్టయే. సినాయి ఎడారిలోని బెడూయినుల కోడిని తెల్ల లెగ్‌హారను జాతితో పోల్చి 1982లో ప్రకటించిన పరిశోధనలో, తీవ్రమైన వేడికి బెడూయిను కోడియే మేలుగా తట్టుకొన్నది.

ఈ కోళ్లను ఇంటిలో సాకునది ఇల్లాలు. పల్లెలో పెరడు, పట్టణమున మేడపైకప్పు ఆమెకు కోళ్లదొడ్డి. మిగిలిన రొట్టెముక్క కోడికి మేత. గ్రుడ్లు అమ్మిన పైకము ఆమె చేతి పైకము. బిడ్డకు మందైనను, బడిఖర్చైనను దానినుండియే వచ్చును.

2006 ఫిబ్రవరిలో పక్షుల జ్వరము ఈజిప్టున బయటపడినది. ప్రభుత్వము కోళ్లను పెద్దయెత్తున చంపించినది. మేడలపై పెంపకమును నిషేధించినది. వ్యాధి సోకిన మనుష్యులలో స్త్రీలు, పిల్లలు పెక్కుమంది. కోళ్లను సాకుట, కోసి శుభ్రపరచుట వారి పనియే కదా! అయినను అనేక కుటుంబములు తమ కోళ్లను దాచుకొనినవి. అది మూర్ఖత్వమని త్రోసివేయరాదు. నష్టపరిహారము చేతికందని ఇంట, నాలుగు పెట్టలను అప్పగించుట యనగా నెలనెలా వచ్చు ఆదాయమును అప్పగించుటయే. 2008 నాటికి ఆ వ్యాధి అచ్చట స్థిరపడినదని ప్రకటింపవలసి వచ్చెను. రోగమును అరికట్టుట ప్రభుత్వ ధర్మము. కాని ఇల్లాలి నమ్మకమును ముందుగా పొందని నిషేధము ఇంటి గడప దాటి లోనికి పోలేదు.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 2015 మే నెలలోని వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేలాది ప్రజలు మరణించిరి. కోళ్లును పెద్దసంఖ్యలో చచ్చినవి. హైదరాబాదు చెంత రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించియున్నది. ఏ రకమైనను, వేసవిలో దానికి కావలసినవి ఈజిప్టు ఇల్లాలు ఎరిగినవే: దట్టమైన నీడ, గాలి ఆడు గూడు, నీడలో మట్టిపాత్రతో చల్లని నీరు, ఉదయమును సాయంకాలమును మాత్రమే మేత. వానికి తోడు, మన కాలము నేర్పినది మరియొకటి కలదు. జబ్బు కోడిని చేత తాకకుండుట, గూడు శుభ్రపరచిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుట, పిల్లలను గూటికి దూరముగా నుంచుట. అడవినుండి వచ్చిన పక్షికి మనము నీడ నిచ్చితిమి. ఆ నీడలో మన బిడ్డలును క్షేమముగా ఉండునట్లు చూచుకొనుట మన వంతు.