గుర్రాన్ని కొన్నవారు, సాకినవారు

ఈ దేశంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో గుర్రపుస్వారీ నేర్చుకొనే పిల్లలు ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రులకు మొదట్లో ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. రుసుము కట్టించుకొన్న తరువాత పిల్లను వెంటనే జీను ఎక్కించరు. చేతికి పార ఇచ్చి శాల శుభ్రం చెయ్యమంటారు, డెక్కలెత్తి మట్టి తీయమంటారు. "స్వారీ నేర్పమని పంపిస్తే లద్దె ఎత్తిస్తున్నారేమిటండీ!" అని ఒక మిత్రుడు నాతో వాపోయాడు. ఆ లద్దె వెనుక చాలా చరిత్ర ఉంది. మన దేశపు రాజులూ, ఈ దేశపు సేనానులూ కూడా లెక్కలేనన్ని గుర్రాలను పోగొట్టుకొన్న చరిత్ర అది.

13వ శతాబ్దం చివర మన తూర్పు తీరానికి వచ్చిన మార్కోపోలో, రుద్రమదేవి ఏలిన మోటుపల్లి రాజ్యాన్ని గురించి రాశాడని మనం గర్వంగా చెప్పుకొంటాం. అదే పుస్తకంలో, మోటుపల్లికి దక్షిణాన ఉన్న పాండ్యుల సీమను గురించి అతడు రాసిన మాటలు అంత గర్వపడదగినవి కావు. హొర్ముజు, ఏడెను మొదలైన రేవుల నుండి అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలను కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగలవనీ అతడంటాడు. కారణం కూడా చెప్పాడు. వాటిని చూసుకొనే పని తెలిసినవాళ్ళు అక్కడ లేరు. గుర్రాలు అమ్మే వర్తకులు తమ వైద్యులను అక్కడికి రానివ్వరు. గుర్రాలు చస్తేనే కదా మరుసటి ఏడు బేరం! పైగా అక్కడివారు గుర్రాలకు మాంసంతో వండిన అన్నం పెడతారట. యాత్రికుల మాటల్లో అతిశయోక్తి ఉండవచ్చును గాని, గడ్డి మేసి బ్రతికే జంతువుకు ఆ తిండి పెడితే ఏమవుతుందో చెప్పడానికి పశువైద్యుడు అక్కరలేదు.

విజయనగరం నాటికి ఖర్చు ఇంకా పెరిగింది. సాళువ నరసింహరాయలు గుర్రాలను బ్రతికినా చచ్చినా కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. నడిసముద్రంలో చచ్చిన గుర్రానికి దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బ్రతికినదానితో సమానంగా వెల ముట్టేదట. కృష్ణదేవరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా అతడే చెప్పాడు. రాయలవారు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, దూరద్వీపాల నుండి గుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించి, ఆ గుర్రాలు శత్రువుల చేతిలో పడకుండా చూసుకోవాలంటారు. రాజుగా ఆయన ఆలోచన సబబే. కాని ఏటేటా అన్ని వేలు కొనవలసి వచ్చిందంటే, పాతవి ఏమయ్యాయన్న ప్రశ్న రాక మానదు. యుద్ధాలలో పోయినవి కొన్ని, మన ఎండకు తాళలేనివి కొన్ని. సరైన మేత లేక, శాలలో చూసే దిక్కు లేక పోయినవి కూడా తక్కువ ఉండవని నా అభిప్రాయం.

మనవాళ్ళకు అశ్వవిద్య తెలియదని దీని అర్థం కాదు. శాలిహోత్రుని పేర శాస్త్రమే ఉంది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసము రచించాడు. గుర్రం సుడులు చూసి, రంగు చూసి, శుభాశుభాలు నిర్ణయించే పండితులకు కొదవ లేదు. అయితే తెల్లవారుజామున లేచి ఉలవలు నానబెట్టి, ఒళ్ళు మాలీసు చేసి, నీళ్ళు పట్టిన గుర్రపువాడి పేరు ఏ శాసనమూ చెక్కి పెట్టలేదు. "గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదు" అన్న సామెత మాత్రం మిగిలింది. ఆ సామెతను పనికిమాలినవాడి తిండిని వెక్కిరించడానికి వాడతాం కాని, అసలు మాట కట్టినవాడు గుర్రపువాడే అయి ఉంటాడని నాకనిపిస్తుంది.

అమెరికా వారు దీనిని ముందే గ్రహించారనుకొంటే పొరపాటు. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఉత్తరాది సైన్యంలో గుర్రాలకు కాగితం మీద లోటు లేదు. ఒక్కొక్క గుర్రానికి రోజుకు 14 పౌనుల ఎండుగడ్డి, 12 పౌనుల ధాన్యం ఇవ్వాలని నియమం. కాని మొదటి రెండేళ్ళలో ఆశ్వికదళానికి 2,84,000 గుర్రాలు సమకూర్చవలసి వచ్చింది. యుద్ధరంగంలో ఉన్న రౌతులు ఏనాడూ 60,000కు మించలేదు! గుర్రమంటే ఏమిటో తెలియని పట్నవాసపు కుర్రాళ్ళు రోజంతా పరుగెత్తించి, జీను విప్పకుండా నిలబెట్టి, బురదలో డెక్కలు కుళ్ళిపోయేదాకా చూడకుండా వదిలేశారు. చివరకు 1863లో ప్రత్యేకంగా ఆశ్విక శాఖను స్థాపించి, వాషింగ్టన్ వద్ద పోటోమాక్ నది ఒడ్డున గీస్బరోలో పెద్ద శాలలు, గుర్రపు ఆసుపత్రి కట్టవలసి వచ్చింది. గుర్రాలను సాకడానికి ఒక శాఖ కావలసి వచ్చిందన్నమాట.

తొమ్మిదేళ్ళకు మరొక దెబ్బ తగిలింది. 1872 శరత్కాలంలో టొరాంటో ప్రాంతంలో పుట్టిన గుర్రపు ఇన్‌ఫ్లుయెంజా కొద్ది వారాలలో న్యూయార్కు, బోస్టను నగరాలను చుట్టుకొని, మరుసటి సంవత్సరానికి పసిఫిక్ తీరం చేరింది. చనిపోయినవి తక్కువే గాని, చాలాచోట్ల ఊళ్ళో గుర్రాలన్నీ ఒకేసారి దగ్గుతూ నిలబడిపోయాయి. ట్రాములు ఆగాయి, రేవుల్లో సరుకు కదలలేదు. నవంబరు 9న బోస్టను నగరంలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు మంటలార్పే యంత్రాలను మనుషులే తాళ్ళు కట్టి లాగారు. న్యూయార్కులో హెన్రీ బర్గ్, 1866లో జంతుహింసా నివారణ సంఘాన్ని స్థాపించినవాడు, వీధి మధ్య నిలబడి జబ్బు గుర్రాలను కట్టిన బండ్లను ఆపించాడు. ఆనాడు నవ్వినవాళ్ళు ఉన్నారు. కాని ఆ జబ్బుకు విశ్రాంతే అసలు మందు. తొందరపడి బండికి కట్టినవే ఎక్కువగా చచ్చాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1868 నుండి పశువైద్యం బోధిస్తున్న జేమ్స్ లా ఈ జబ్బును గురించి నివేదిక రాశాడు. ఆయన శిష్యుడు డేనియల్ సామన్ 1876లో ఈ దేశంలో మొదటి పశువైద్య డాక్టరు పట్టం పొందాడు.

ఇక ఆ పిల్లలు నేర్చుకొనే పని సంగతి. గుర్రం కడుపు దాని ఒంటికి చాలా చిన్నది. తిన్నది కక్కలేదు. అందువల్ల ఒక్కసారి దండిగా ధాన్యం పెడితే శూల వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి ప్రధానం, ధాన్యం కొసరు. కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టాలి. మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పళ్ళు అరిగేకొద్దీ పైకి వస్తుంటాయి కనుక, వాడి అంచులను ఏడాదికొకసారైనా ఆకురాయితో అరగదీయించాలి. ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి లాడాలవాడు రావాలి. డెక్కలు మాత్రం రోజూ ఎత్తి చూడవలసిందే. ఇరుక్కున్న ఒక్క రాయి గుర్రాన్ని కుంటిదాన్ని చేస్తుంది. తడి లద్దెలో నిలబెడితే డెక్క అడుగు కుళ్ళి వాసన వేస్తుంది. పార ఇచ్చేది అందుకే.

ఇన్ని చేసినా ఒంటరిగా కట్టేస్తే గుర్రం సుఖపడదు. అది మందలో పుట్టిన ప్రాణి. తోడు లేకపోతే కొయ్య కొరుకుతూ, ఉన్నచోటనే అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. తోటి గుర్రం దొరకకపోతే ఇక్కడివారు ఒక మేకనైనా తెచ్చి జత చేస్తారు.

1915 ప్రాంతంలో ఈ దేశపు పొలాలలో సుమారు 2 కోట్ల 10 లక్షల గుర్రాలుండేవి. ట్రాక్టరు, మోటారుకారు వచ్చి వాటి పని లాగేసుకొన్నాయి. 2023 లెక్క ప్రకారం దేశం మొత్తం మీద సుమారు 66 లక్షలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి దున్నే పని లేదు, యుద్ధం లేదు. ఓట్లు, అల్ఫాల్ఫా గడ్డి వాటి ఆహారం. మన ఉలవలకు ఇంగ్లీషులో గుర్రపు పేరే పెట్టి హార్స్ గ్రామ్ అన్నారు గాని, ఇక్కడి గుర్రాలు వాటి రుచి ఎరగవు. ఇండియన్ దుకాణంలో అవి కనిపిస్తే మనమే కొని తెచ్చి ఉలవచారు కాచుకొంటున్నాం.