బెంగళూరు లెక్క, ఆమ్లపు జాడ
పందొమ్మిదో శతాబ్దపు పిచ్చాసుపత్రి వారసత్వం నుంచి 1974లో రూపుదిద్దుకున్న బెంగళూరు నిమ్హాన్స్ మానసిక, నాడీవైద్య సంస్థ, నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 18–65 ఏళ్ల మధ్యనున్న 2,329 మందిని ఇంటింటా విచారించి, ఏడాది కాలంలో సుమారు నలుగురిలో ఒకరు మైగ్రేన్‌కు, అంటే పార్శ్వపు నొప్పికి గురవుతున్నారని 2010వ దశకంలో ప్రకటించింది. ఇది స్వల్పమైన సంఖ్య కాదు. అయితే ఎంతమందికన్న లెక్క ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కాజాలదు.

ఆ ప్రశ్నకు దొరికిన ఒక ఆధారపు చరిత్ర కీవ్‌లో మొదలైంది. పరిసర ద్రవం ఆమ్లగుణం పొందినప్పుడు జ్ఞాననాడీ కణాల్లో విద్యుత్ ప్రవాహం పుడుతుందని అక్కడ శాస్త్రవేత్తలు క్రిష్టల్, పిదోప్లిచ్కో 1980లో గుర్తించగా, హైడ్రోజన్ అయాన్లు పెరిగినప్పుడు తెరుచుకుని సోడియంను లోనికి అనుమతించే ప్రోటీన్ ద్వారాలే అందుకు మూలమని 1997లో ఫ్రాన్సులో వాల్డ్‌మన్ బృందం తేల్చింది. మైగ్రేన్ నొప్పికి మూలమని భావించే, మెదడును కప్పివుంచే పొరకు చేరే నాడులు ఆమ్లానికి ఇలాగే స్పందిస్తాయని తరువాత ఎలుకలపై ప్రయోగాలు చూపాయి. ఈ ద్వారాలను మూసే అమిలోరైడ్ అనే పాత మూత్రవర్ధక ఔషధాన్ని, ఇతర చికిత్సలకు లొంగని ఏడుగురు మైగ్రేన్ రోగులకు ఇచ్చినప్పుడు నలుగురికి ఉపశమనం కలిగిందని 2012లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర పొందిన రోగులు లేనందువల్ల దీన్ని నిరూపణగా కాక సూచనగా గ్రహించడమే సమంజసం.