హాజరు పట్టీ

రేపల్లెలో పాసింజరెక్కి తెనాలిలో దిగి, బండి మారి చీరాల వైపు వెళ్తే నిడుబ్రోలు, బాపట్ల దాటాక ఒక చిన్న స్టేషనొస్తుంది. స్టూవర్టుపురం. నా చిన్నప్పుడు ఆ బోర్డు కనపడగానే పెట్టెలో జనం సంచులు దగ్గరికి లాక్కునేవాళ్ళు. మా అమ్మ కూడా. "జేబులు చూసుకోండయ్యా" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు, మేమూ నవ్వేవాళ్ళం. మేం దూదేకులవాళ్ళం. హిందువులకు సాయిబులం, సాయిబులకు సగం సాయిబులం. అలాంటి మాకూ తక్కువగా చూడ్డానికి ఒక ఊరు దొరికిందన్నమాట. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ ఊరికి పేరు పెట్టింది హెరాల్డ్ స్టూవర్టు అనే దొర మీద. 1891లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలు ఆయన చేతి మీదుగానే జరిగాయి. ఎవరిది ఏ కులమో పట్టీ వేయించిన మనిషి. తర్వాత పోలీసు వైపు వెళ్ళి, 1904లో పెట్టిన కేంద్ర నేర నిఘా శాఖకు మొదటి డైరెక్టరయ్యాడు. ఆపైన మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు. కులాల పట్టీ రాసిన చెయ్యే నేరాల పట్టీ దాకా వచ్చింది చూడండి.

ఆ పట్టీలోకి ఎక్కిన ఎరుకలవాళ్ళు అంతకు ముందు దొంగలేం కాదు. తమలో తాము 'కుర్రు' అని చెప్పుకుంటారు. వాళ్ళలో ఉప్పు ఎరుకలున్నారు, కరివేపాకు ఎరుకలున్నారు, దబ్బ ఎరుకలున్నారు. చేసే పనే పేరు. కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద పైప్రాంతాలకు మోసుకెళ్ళి ధాన్యం తెచ్చేవాళ్ళు. రైళ్ళొచ్చి, ఉప్పు సర్కారు గుత్తాధిపత్యంలోకి పోయి, దానికి తోడు 1876-78 కరువొచ్చి ఆ వ్యాపారం చితికిపోయింది. ఈ సంగతి మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరంగా రాశారు. బతుకు తెరువు తీసేసినవాడే "వీళ్ళకు బతుకు తెరువు లేదు, కాబట్టి దొంగలు" అని తేల్చేశాడు.

1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ చట్టం చదువుతుంటే నన్ను ఎక్కువగా భయపెట్టింది శిక్షలు కాదు. శిక్షలు ఘోరమైనవే. కొన్ని నేరాలకు రెండోసారి దొరికితే కనీసం ఏడేళ్ళు, మూడోసారి యావజ్జీవ ద్వీపాంతరం. కానీ అంతకన్నా ఘోరం, ఫలానా జాతి నేరస్థ జాతి అని సర్కారు ప్రకటిస్తే ఆ ప్రకటన తప్పని ఏ కోర్టూ అనడానికి వీల్లేదు. వేలిముద్రలివ్వాలి. పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారమూ అందులోనే ఉంది.

1913-14లో స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పజెప్పారు. వాళ్ళు భూమిచ్చారు, బడి పెట్టారు. అక్కడ చదువుకున్నవాళ్ళున్నారు, ఆ మాట దాచనక్కర్లేదు. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో సెటిల్మెంటు ఆడవాళ్ళకు పని దొరికింది. కంపెనీకి మాత్రం పారిపోవడానికి వీల్లేని కూలీలు దొరికారు.

ఒక్కసారి ఊహించుకోండి. రేపల్లెలో బిడ్డకు పురుడొచ్చింది. తండ్రి మేనేజరు ముందు నిలబడతాడు. మేనేజరు మంచివాడే కావచ్చు, చీటీ ఇస్తాడు. ఇచ్చాడని తండ్రి దండం పెడతాడు. తన బిడ్డ దగ్గరికి తను పోవడానికి పెట్టిన దండం అది! కొరడా పట్టుకున్నవాడి మీద కనీసం కోపమొస్తుంది. చీటీ ఇచ్చినవాడి మీద ఎట్లా వస్తుంది? ఊళ్ళల్లో గ్రామాధికారులకూ ఈ చట్టం కింద నిఘా బాధ్యత పడింది. నిన్నటిదాకా పొరుగువాడైన మనిషి కదలికల గురించి కబురు పంపే పని. ఆ చిన్న అధికారం పల్లెలో ఎంత పెద్దదో పల్లెలో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. కానీ అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, మన రాష్ట్రంలో 1962లో. పట్టీ పేరు మారింది. 1970ల్లో హేమలతా లవణం, లవణం దంపతులు ఆ ఊళ్లో సంస్కరణకు పూనుకున్నారు. 1991లో సినిమా వాళ్ళు ఊరి పేరు మీద పోలీస్ స్టేషన్ కట్టారు. 2024 అక్టోబరులో కూడా, విముక్త జాతులను పుట్టుకతో నేరస్థులుగా చూడొద్దని సుప్రీంకోర్టు జైళ్ళకు చెప్పాల్సి వచ్చింది.

మనకిది పరాయి కథా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ కుర్రాళ్ళనే పట్టుకెళ్ళారు. కోర్టు నిర్దోషులని వదిలేసింది. తర్వాత ప్రభుత్వం పరిహారంతో పాటు సత్ప్రవర్తన పత్రాలిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. నువ్వు మంచివాడివేనని సర్కారు కాగితమిస్తే జేబులో పెట్టుకు తిరగడం! నాకైతే ఆ కాగితానికీ సెటిల్మెంటు చీటీకీ తేడా కనపడదు.

1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద అచ్చేసిన పుస్తకాల్లో దూదేకులవాళ్ళు రెండో సంపుటంలో ఉన్నారు, ఎరుకలవాళ్ళను కలిపేసిన కొరవలు మూడో సంపుటంలో. ఒకే అలమర. అయినా మనం సంచులు దగ్గరికి లాక్కున్నాం.

ఆ మధ్య తెనాలిలో బండెక్కితే ఎదురు సీట్లో ఒకాయన. ఏ ఊరండీ అన్నాను. బాపట్ల అన్నాడు. బాపట్ల వచ్చింది, ఆయన దిగలేదు. నావైపు చూళ్ళేదు కూడా. అంతకు ముందు ఆయన నా పేరడిగినప్పుడు నేనూ 'నాగూర్' అని ఊరుకున్నాను. మా వైపు ఆ పేరు హిందువులూ పెట్టుకుంటారు. 'వలి' అనే సగాన్ని నేను నోట్లోనే ఉంచేశాను.