డీజిల్ పికప్‌కి ఎయిర్ ఇన్‌టేక్ కిట్ వేయిస్తున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి..

లోడుతో ఘాట్ ఎక్కుతుంటే బండి లాగడం లేదు.. మైలేజ్ తగ్గింది.. సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తోంది. పికప్ నడిపేవాళ్లు తరచూ చెప్పే సమస్యలివే. సరిగ్గా ఇలాంటప్పుడే "ఎయిర్ ఇన్‌టేక్ కిట్ వేయించండి, పవర్, మైలేజ్ రెండూ పెరుగుతాయి" అనే వీడియోలు కంటపడతాయి. మరి నిజంగా పెరుగుతాయా? ఈఎంఐ కడుతూ కిరాయికి తిప్పే బండికి ఏది ముందు, ఏది తర్వాత చేయించాలో తెలుసుకుందాం.

గాలి పెరిగితే పవర్ పెరుగుతుందా?

డీజిల్ ఇంజిన్‌లో పవర్ ప్రధానంగా ఇంజెక్టర్లు కొట్టే డీజిల్‌ను బట్టి ఉంటుంది. ఇప్పటి పికప్‌లలో గాలిని నొక్కి పంపడానికి టర్బో ఎలాగూ ఉంది. కంపెనీ సెట్టింగ్స్ అలాగే ఉంచి కేవలం కిట్ మారిస్తే వచ్చే తేడా చాలా తక్కువ. అదే గాలి తగ్గితే మాత్రం ఇబ్బందే. డీజిల్ పూర్తిగా మండదు, నల్ల పొగ వస్తుంది, బండి లాగదు. అంటే గాలి పెంచడం కన్నా, రావాల్సిన గాలి తగ్గకుండా చూసుకోవడమే ముఖ్యం.

కిట్ డబ్బులు ఎప్పటికి తిరిగొస్తాయి?

ఉదాహరణకు బండి నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుంది అనుకుందాం. నెలకు 250 లీటర్లు కావాలి. కిట్ వల్ల 2 శాతం ఆదా అయిందనుకున్నా మిగిలేది 5 లీటర్లే. లీటరు రూ.95 చొప్పున నెలకు రూ.475. కిట్‌కి రూ.15,000 పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి రెండున్నరేళ్లకు పైనే పడుతుంది. అసలు ఆ 2 శాతం కూడా గ్యారంటీ లేదు.

ఖర్చు ఈ వరుసలో పెట్టండి

1. మంచి పేపర్ ఫిల్టర్: కంపెనీ పార్ట్ లేదా అదే నాణ్యత ఉన్నది తీసుకోండి. మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకు మార్చాలి. చీమకుర్తి, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల్లో, మట్టి రోడ్లపై తిరిగే బండికైతే అంతకంటే ముందే మార్చాలి.

2. లీకులు: ఫిల్టర్ బాక్స్ క్లిప్పులు, రబ్బర్ సీల్, టర్బో పైపులు, ఇంటర్‌కూలర్ పైపుల క్లాంపులు చెక్ చేయించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కొత్తగా ఈల లాంటి శబ్దం, దాంతోపాటు నల్ల పొగ వస్తే పైపు లీకై ఉండొచ్చు. చిరిగిన పైపు, వదులైన క్లాంప్ మార్చడానికయ్యే ఖర్చు కిట్ ధర ముందు చాలా చిన్నది.

3. ప్రీ-క్లీనర్: ట్రాక్టర్ బానెట్‌పై గిన్నెలా కనిపించేది ఇదే. గాలిని సుడి తిప్పి, బరువైన దుమ్మును ఫిల్టర్‌కి చేరకముందే బయటకు నెట్టేస్తుంది. రోజంతా దుమ్ములోనే పని అయితే ఇది ఉపయోగం. హైవే బండికి అక్కర్లేదు. బిగించే ముందు మీ మోడల్‌కు సరిపోతుందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

4. కోన్ ఫిల్టర్ కిట్ చివర్లోనే: బాక్స్ లేకుండా బానెట్ కింద బిగించే కోన్ ఫిల్టర్ ఇంజిన్ పక్కనున్న వేడి గాలినే లాగుతుంది. గాలి 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 10 శాతం పడిపోతుంది. మన ఎండల్లో ఇది లాభం కాదు, నష్టం. ఇక ఆయిల్ రాసే కాటన్ ఫిల్టర్లకు ఆయిల్ ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సర్‌పై పేరుకుంటుంది.

పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తున్నారా?

కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే పేపర్‌కు కంటికి కనిపించనంత చిన్న చిల్లులు పడొచ్చు. తప్పదనుకుంటే తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటకు కొట్టించండి. నీళ్లతో, పెట్రోల్‌తో కడగొద్దు. పేపర్ ఫిల్టర్ కాస్త మురికి పట్టినా సన్నటి దుమ్మును బాగానే ఆపుతుంది కాబట్టి రోజూ విప్పాల్సిన పని లేదు. విప్పిన ప్రతిసారీ దుమ్ము లోపలికి జారే ప్రమాదం ఉంటుంది. ఆ దుమ్ము టర్బో రెక్కలను, పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలైందంటే ఖర్చు ఫిల్టర్‌తో ఆగదు, ఇంజిన్ పని దాకా వెళ్తుంది.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నియంత్రిస్తుంది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కిట్‌తో పాటు ఈసీయూ రీమ్యాప్ కూడా చేయిస్తే వారంటీకి ఇబ్బంది రావొచ్చు. బీఎస్‌-6 బండ్లలో పొగను నియంత్రించే వ్యవస్థపైనా ప్రభావం పడుతుంది. అందుకే ఏ మార్పు అయినా సర్వీస్ సెంటర్‌లో, ఆర్టీఏ ఆఫీసులో అడిగాకే చేయించాలి.

అన్నీ చేసినా లాగకపోతే?

కొత్త ఫిల్టర్ వేసి, లీకులు సరిచేశాక కూడా తేడా లేకపోతే సమస్య వేరే చోట ఉన్నట్టే. డీజిల్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, మసి పట్టిన ఈజీఆర్, టర్బో, క్లచ్ వరుసగా చెక్ చేయించండి. కిట్ కోసం దాచిన డబ్బు అక్కడ ఎక్కువ అక్కరకొస్తుంది.