వేళ్లకూ చెవులకూ అందిన గణితం

న్యూటన్ అధిష్ఠించిన లుకేసియన్ ఆచార్య పీఠాన్ని 1711లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నికొలస్ సాండర్సన్‌కు ఇచ్చింది. పసితనంలోనే మశూచి వచ్చి చూపు పోయిన మనిషి ఆయన. లెక్కల కోసం ఒక పలక చేసుకున్నాడు. గడికి తొమ్మిది రంధ్రాలు. నడుమ పెద్ద తల సూది ఒక్కటే ఉంటే సున్నా, చిన్నది ఉంటే ఒకటి. పెద్దది నడుమ పెట్టి, చుట్టూ చిన్నది ఎక్కడ గుచ్చాడో దాన్నిబట్టి రెండు నుంచి తొమ్మిది. తడిమి చూసి ఎంత పెద్ద లెక్కయినా చేసేవాడట. కానీ అది ఆయన ఒక్కడి పలక. తర్వాతివాళ్లు మళ్లీ మొదటినుంచీ దారి వెతుక్కోవలసి వచ్చింది.

రష్యాలో పొంత్ర్యాగిన్‌కు పద్నాలుగేళ్లప్పుడు స్టవ్ పేలి చూపు పోయింది. గణితం తెలియని తల్లి పుస్తకాలు చదివి వినిపించేది. సమితుల ఛేదనం గుర్తును ‘తోకలు కిందికి’ అనీ, సమ్మేళనం గుర్తును ‘తోకలు పైకి’ అనీ చెప్పేది. ఆయన టోపాలజీలో మహా గణితవేత్త అయ్యాడు. ఆ తల్లికి చేతులెత్తి మొక్కాలి. అయితే విద్యార్థి చదువును ఇంట్లోవాళ్ల ఓపికకు వదిలేసే హక్కు ఏ విశ్వవిద్యాలయానికీ లేదు.

నలుగురికీ పనికొచ్చే లిపిని ఇచ్చినవాడు అమెరికాలోని అబ్రహాం నెమెత్. చూపులేని వాడివి, గణితం వద్దంటే సైకాలజీలో ఎమ్మే చేసి, చివరికి గణితానికే వచ్చాడు. 1952లో అచ్చయిన నెమెత్ కోడ్‌తో బ్రెయిలీ ఆరు చుక్కల్లోనే భిన్నాలూ ఘాతాలూ రాయగలిగారు. చదివి వినిపించేవాళ్లకూ ఆయనొక పద్ధతి పెట్టాడు. ‘ఎ ప్లస్ బి బై సి’ అంటే కింద ఉన్న సి బి ఒక్కదానికా, మొత్తానికా? భిన్నం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో పైకి చెప్పి తీరాలన్నాడు.

చూపులేని మన దేశస్థుడు టి.వి. రామన్ 1994లో కార్నెల్ పీహెచ్‌డీ కోసం ‘ఆస్టర్’ రూపొందించి, ఆ చదివే పనిని కంప్యూటర్‌కు అప్పగించాడు. గణితాన్ని టైప్ చేసే లేటెక్ ఫైలును అది చదువుతూ, ఘాతం దగ్గర గొంతు స్థాయి పెంచుతుంది. 1998లో వెబ్ పేజీల్లో సమీకరణాలు రాయడానికి మాత్‌ఎంఎల్ వచ్చింది.

సాధనాలు వచ్చినా తలుపులు తెరుచుకోలేదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన, చూపులేని బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి కోర్టుకెక్కవలసి వచ్చింది. ఆ తర్వాతే అమెరికాలోని ఎంఐటీలో చదువు.

చూపులేని విద్యార్థికి గణితం చెప్పడం ఇవాళ మొదలుపెట్టే లెక్చరర్‌కు పని దగ్గరలోనే ఉంది. స్కాన్ చేసిన నోట్స్ తెరమీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు వట్టి బొమ్మ. మామూలు పీడీఎఫ్‌లో సమీకరణం చాలాసార్లు చెదిరిన అక్షరాలుగా వినిపిస్తుంది. ఆ నోట్స్ లేటెక్‌లో టైప్ చేసి ఉంటే అసలు ఫైలే విద్యార్థికి ఇవ్వాలి. బోర్డు మీద రాస్తూ ‘దీన్ని ఇటు తెస్తే’ అనకుండా ‘ఎక్స్‌ను ఎడమవైపు తెస్తే’ అనాలి. పటాలకు మాత్రం ఉబ్బెత్తు గీతల కాగితం కావాలి. అది తయారవడానికి రోజులు పడతాయి కాబట్టి, సెమిస్టర్ మొదలవకముందే ఏ పటాలు కావాలో ఆ విద్యార్థితోనే కూర్చుని తేల్చుకోవాలి.