బాతుల మడుగుకు డాలరు బిళ్ల

1934 మే 11. వాషింగ్టన్ ఆకాశం మసకబారింది. అది వానమబ్బు కాదు. ఎక్కడో మధ్య అమెరికా మైదానాల్లో దున్ని వదిలేసిన పొలాల మట్టి గాలికి లేచి, రాజధాని కిటికీల మీద రాలుతోంది.

అప్పటికి రెండు నెలలైంది, అక్కడ వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ బయలాజికల్ సర్వేకు జే నార్వుడ్ డార్లింగ్ అధిపతిగా వచ్చి. ఆయన అధికారి కాదు, ‘డింగ్’ అనే సంతకంతో అయోవా పత్రికలో బొమ్మలు గీసి పులిట్జర్ గెలిచిన కార్టూనిస్టు. పైగా రిపబ్లికన్. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విధానాలను తప్పుపట్టినవాడు. అయినా రూజ్‌వెల్ట్ పిలిచి మరీ పక్షుల బాధ్యత అప్పగించాడు. డార్లింగ్‌కు బాతుల వేటంటే ప్రాణం. ఆకాశం ఖాళీ అవుతోందని ఆయనకు మరొకరు చెప్పనక్కర్లేదు.

ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల్లో మంచుయుగం వదిలివెళ్లిన గుంటలు లక్షల్లో ఉండేవి. వసంతంలో వాటిలో నీరు నిలిచేది. ఒడ్డు గడ్డిలో బాతు గుడ్లు పెట్టేది, పిల్లలు నీటిపురుగులు తిని పెరిగేవి. సాగు కోసం రైతులు కాలువలు తవ్వి ఆ నీళ్లు తీసేశారు. మిగిలిన తడిని కరువు పీల్చేసింది. పక్షులకు నేల కొనవచ్చని 1929 చట్టం అనుమతించింది గానీ, నికరమైన నిధి చూపలేదు.

ఆ లోటును 1934 మార్చి 16 నాటి చట్టం తీర్చింది. నీటిపక్షులను వేటాడే వాళ్లలో 16 ఏళ్లు నిండిన ప్రతివాడూ ఏటా డాలరు పెట్టి పోస్టాఫీసులో స్టాంపు కొనాలి. దానికి బొమ్మ కావాలి, వ్యవధి లేదు. ఇస్త్రీ చొక్కాల మడతల్లో పెట్టే అట్టల మీద డార్లింగ్ కొన్ని నమూనాలు గీశాడట. తీరిగ్గా దిద్దుదామనుకునేలోగా ఒకటి అచ్చుకు వెళ్లిపోయింది. రెక్కలు విప్పి నీటి మీదకు దిగుతున్న మల్లార్డ్ బాతుల జంట అది. ఆగస్టు 22న తొలి స్టాంపు కొన్నది కూడా డార్లింగే. ఆ ఏడు 6,35,001 స్టాంపులు అమ్ముడయ్యాయి. పని దొరకని ఆ రోజుల్లో డాలరంటే చిన్న మాట కాదు.

పక్షిని చంపేవాడి సొమ్ముతో పక్షిని కాపాడటమా? ఈ ప్రశ్న నన్నూ వదలదు. కానీ తుపాకీ ఆ ఏటి బాతును తీసుకుంటుంది. ఎండగట్టిన మడుగు రాబోయే తరాలన్నింటినీ తీసుకుపోతుంది. రెండోదాన్ని ఆపే డబ్బు అప్పట్లో ఇంకెవరూ ఇవ్వలేదు.

మొదట్లో ఈ సొమ్ములో కొంత నిర్వహణకూ పోయేది. అచ్చు ఖర్చులు పోగా మిగిలిందంతా నేల సేకరణకే వాడాలని 1958 సవరణ కట్టడి చేసింది, చిన్న చిన్న గుంటల రక్షణకూ దారి తీసింది. అన్నిచోట్లా కొనాల్సిన పనే లేదు. నీళ్లు తీయను, పూడ్చను, తగలబెట్టను అని రైతు శాశ్వత ఒప్పందం రాసి డబ్బు పుచ్చుకుంటాడు. భూమి రైతుదే, మడుగు బాతులది. కొన్నదీ, ఒప్పందాలతో కాపాడినదీ కలిపి ఈ నేల 60 లక్షల ఎకరాలు దాటింది.

స్టాంపు ధర ఇప్పుడు 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు నేలకే వెళ్తాయి. అయితే 1970ల తొలినాళ్లలో ఏటా 20 లక్షలకు పైగా అమ్ముడైన స్టాంపు ఇప్పుడు 15 లక్షల ప్రాంతంలో ఆగింది. వేటగాళ్లు తగ్గారు, మడుగుల అవసరం తగ్గలేదు. అందుకే దుర్భిణి పట్టుకుని పక్షులను చూడటానికి వెళ్లేవాళ్లూ ఈ స్టాంపు కొనాలి. చట్టం వాళ్లను బలవంతపెట్టదు. అయినా కొంటున్నవాళ్లు ఉన్నారు.